ఆనపకాయ మీద దీర్ఘ విచారణ

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన ఏర్పాట్లన్నింటిలోనూ అధికార విభజన మహోన్నతమైనది. ఒక పని ఒక్కరి చేతిలో ఉంటే అది జరిగిపోయే ప్రమాదం ఉంది. ముగ్గురికి పంచితే ఆ ప్రమాదం దాదాపు తొలగిపోతుంది. అమెరికావారు ఈ సత్యాన్ని రెండు శతాబ్దాల కిందటే గ్రహించి కాగితం మీద పెట్టుకున్నారు. దక్షిణ ఢిల్లీ, బేర్ సరాయ్‌లోని హనుమాయమ్మ మెస్సువారు మొన్నటి వర్షాకాలంలో గ్రహించారు. గ్రహించడం ఆలస్యమైనా, అమలులో అమెరికాను మించిపోయారు.

బేర్ సరాయ్ సందుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒరగాలి. ఎవరు ఒరగాలన్న దానిమీద ఆ ఇద్దరికీ రాజ్యాంగబద్ధమైన అభిప్రాయాలుంటాయి; ఎందుకంటే ఆ ఇద్దరూ సివిల్స్‌కు చదువుతున్నవారే. అలాంటివారు అరవైమంది దాకా హనుమాయమ్మ మెస్సులో రెండు పూటలా భోంచేస్తారు. వారి సిలబస్సులో, రెండవ జనరల్ స్టడీస్ పేపరు కింద, మన రాజ్యాంగాన్ని ఇతర దేశాల రాజ్యాంగాలతో పోల్చమని ఒక వాక్యం ఉంది. చదివినది ఒంటబట్టాలంటే ఆచరించి చూడాలని ఎవరో కోచింగ్ మాస్టారు సెలవిచ్చారు. అందువల్ల మెస్సును సకల లాంఛనాలతో అమెరికాగా మార్చుకున్నారు. (బ్రిటన్ పద్ధతి కూడా పరిశీలనకు వచ్చింది. రాణిగా ఉండడానికి హనుమాయమ్మ ఒప్పుకోలేదు. గ్యాసు సిలిండర్ ఎవరు మారుస్తారని అడిగింది.)

ఈ ఏర్పాటు ప్రకారం మెస్సులోని నాలుగు బల్లలు నాలుగు రాష్ట్రాలు: కోస్తా, తెలంగాణ, రాయలసీమ, ఢిల్లీ. బల్ల చిన్నదైనా పెద్దదైనా తలా ఇద్దరు సెనేటర్లు. ఢిల్లీ బల్లమీద తినేది చైతు ఒక్కడే కనుక ఆ ఇద్దరు సెనేటర్లూ అతడే. సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో పుట్టి పెరిగిన గుంటూరువారి అబ్బాయి; తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. ముఖ్యమైన తీర్మానాలపై అతడు తనతో తానే విభేదించిన సందర్భాలున్నాయి.

వీటన్నింటిపైనా తొమ్మిదిమంది న్యాయమూర్తులతో ఒక సుప్రీంకోర్టు. ప్రధాన న్యాయమూర్తి భీమశంకరం, ఆరవ అటెంప్టు. న్యాయమూర్తుల పదవి జీవితకాలం. జీవితకాలమంటే పరీక్ష పాసయ్యేదాకా, లేదా అటెంప్టులు అయిపోయేదాకా. (ఈ రెండింటిలో ఏది జరిగినా సందులో చెప్పుకునే మాట ఒకటే: ‘పాపం, వెళ్ళిపోయాడు.’)

ఇక లిఖిత రాజ్యాంగం. అది గోడమీది మెనూ బోర్డు. మొదటి బ్యాచివారు చాలాకాలం కిందట ఆయిల్ పెయింటుతో రాయించినది. అందులో మంగళ, గురు, శనివారాల ఎదుట ఒక కూర పేరు ఉంది. ఆ పేరులోని మొదటి అక్షరం కుడి చివర, హ్రస్వమో దీర్ఘమో తేల్చవలసిన ఆ ఒక్క చోట, అరచేయంత పులుసు మరక ఉంది. మిగిలిన ‘నపకాయ’ నిక్షేపంగా కనిపిస్తోంది.

పాఠకులను చీకట్లో ఉంచడం న్యాయం కాదు గనుక ఇప్పుడే చెబుతాను. కాకినాడ వైపు ఆనపకాయ అంటే సొరకాయ. నీళ్ళకాయ, పత్యపు కూర. మదనపల్లె వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ. దాని గింజలు వండుకుంటారు, అవి అరగడానికి మనిషి గట్టివాడై ఉండాలి. ఒక దీర్ఘం ఇటూ అటూ అయితే పత్యం కాస్తా పందెం అవుతుంది. హనుమాయమ్మది మదనపల్లె. ఏటా ఆమె తమ్ముడు బస్తాడు అనపగింజలు రైల్లో వేసి పంపిస్తాడు. కనుక ఆ మూడు రోజులూ మెస్సులో గింజల కూరే వండుతూ వచ్చింది. అరవైమందిలో ఎవరూ బోర్డు వైపు తలెత్తి చూడలేదు.

తలెత్తి చూసినది కావేరి. కాకినాడ అమ్మాయి. ప్రిలిమ్స్ గట్టెక్కి, మెయిన్స్ ఇంకా రెండున్నర నెలలు ఉందనగా కామెర్లు వచ్చి మంచం పట్టింది. లేచాక డాక్టరు గింజలు, పప్పులు కొన్నాళ్ళపాటు ముట్టవద్దని, సొరకాయలాంటి తేలిక కూరలు తినమని చెప్పి పంపించాడు. అన్నం సయిస్తే చదువుతుంది, చదివితే రాస్తుంది. అంతకుమించి ఆమెకు ఏ సిద్ధాంతమూ లేదు. ఒక మంగళవారం కంచం ముందు కూర్చుని, బోర్డు చూపించి, మర్యాదగా అడిగింది.

“ఆంటీ, బోర్డు మీద ఆనపకాయే కదండీ ఉందీ? మరి గింజలు పెడుతున్నారేంటండీ?”

“అనపకాయ అంటే ఇదే గదమ్మా పాపా.”

“కాదండీ. ఆనపకాయండీ. పొడుగ్గా, లేతాకుపచ్చగా ఉంటుందే, అది.”

“ఓ, సొరకాయా! దానికేముంది, సందు మొగలో బండినిండా ఉండాయి. రేపట్నుంచి నీకు అదే చేసి పెడతాలే.”

వ్యవస్థలు లేని దేశంలో కథ ఇక్కడితో ముగిసిపోయేది. అదృష్టవశాత్తు పక్క బల్లమీద భీమశంకరం ఉన్నాడు. అతడు చేయి కడుక్కోకుండానే లేచి, బోర్డుమీది పదానికి అర్థం చెప్పే అధికారం న్యాయశాఖదనీ, వంట కార్యనిర్వాహక శాఖ అనీ, కార్యనిర్వాహక శాఖ తనంత తాను రాజ్యాంగానికి వ్యాఖ్యానం చెప్పి గరిటె తిప్పితే రేపు నియంతృత్వం వస్తుందనీ వివరించాడు. విషయం తేలేదాకా యథాతథ స్థితి కొనసాగాలనీ, మెస్సు వంటగదిలోకి సొరకాయ రాకూడదనీ అప్పటికప్పుడు స్టే ఇచ్చాడు.

“నేను సొరకాయ వండకూడదా?” అంది హనుమాయమ్మ. “నా వంటింట్లోనా?”

“తాత్కాలికంగా, ఆంటీ. ప్రజాస్వామ్యం కోసం.”

“అది ఎన్ని దినాలుంటాది నాయనా?”

కోర్టు ఈ ప్రశ్నను రికార్డు నుంచి తొలగించింది.

కావేరి వర్సెస్ హనుమాయమ్మ మెస్సు అన్న వ్యాజ్యం అలా నమోదైంది. తొలి విచారణ కేసు మీద కాదు. కేసు వేసే అర్హత కావేరికి ఉందా అన్నదానిమీద. అమెరికా పద్ధతిలో వాది తనకు వాస్తవంగా హాని జరిగిందని చూపించుకోవాలి. మెస్సు తరఫున తెలంగాణ బల్ల నుంచి మల్లేశం లేచాడు. అతడి మీద అన్నానికి, వాదానికి ఏనాడూ తక్కువ చేశాడన్న నింద లేదు.

“హాని ఏడున్నదన్నా? ఆమె గింజలు తింటెనే గద హాని. తింటలేదాయె. పెరుగన్నం తింటున్నది. మరి హాని ఎట్లయితది?”

“తింటే ఆసుపత్రికి పోవాలి కదండీ,” అంది కావేరి.

“పోయినాక రా అక్కా. అప్పుడు నీకు ఫుల్లు అర్హత.”

ఈ వాదంలోని తర్కానికి కోర్టు ముగ్ధమైంది. అయినప్పటికీ, పెరుగన్నం తిని తిని ఆమె ముఖం పాలిపోయిన విషయాన్ని ఎదురుగా చూస్తూ విస్మరించలేక, అయిదుగురు న్యాయమూర్తులు అర్హత ఉందన్నారు. నలుగురు విభేదించారు. విభేదించిన నలుగురూ విడివిడిగా అభిప్రాయాలు రాశారు. ఒకరు తీరిక లేక రెండవ తరగతి పిల్లవాడి చేతిరాతలో రాశారు.

అసలు విచారణలో ప్రశ్న ఒక్కటే: బోర్డు రాయించిన మహనీయుల ఆంతర్యం ఏమిటి? ఒక వర్గం న్యాయమూర్తులు, పదానికి రాసిన నాటి అర్థమే చెల్లాలన్నారు. మరొక వర్గం, రాజ్యాంగం సజీవమైనదనీ, కాలంతోపాటు కాయ కూడా ఎదుగుతుందనీ అన్నారు. రాయించిన పెద్దల్లో ఒకాయన ఇప్పుడు ఎక్కడో తహసీల్దారు. ఆయనకు ఫోను చేయగా, “అప్పట్లో ఏది పెడితే అది తినేవాళ్ళం తమ్ముడూ, బోర్డు ఎవడు చదివాడు?” అన్నారు. రాజ్యాంగ నిర్మాతలు రాజ్యాంగం చదివి తీరాలన్న నియమం లేదు గనుక ఈ సాక్ష్యం పక్కన పెట్టడమైనది. బోర్డు రాసిన పెయింటరు బీహారువాడు. అతడు అక్షరాలను బొమ్మలుగా చూసి గీశాడు. అంటే ఆ పదాన్ని రాసిన చేతికి హ్రస్వమూ తెలియదు, దీర్ఘమూ తెలియదు, కాయ అసలే తెలియదు. ఇంతటి నిష్పాక్షికత ఏ దేశపు రాజ్యాంగ నిర్మాణంలోనూ కనిపించదు.

తరువాత హనుమాయమ్మను సాక్షిగా పిలిచి, బోర్డుమీది మాటను మీరు ఎలా పలుకుతారో పలకమన్నారు. ఆమె ఆకువక్క నములుతూ పలికింది. మొదటి అక్షరం వక్కలో కలిసిపోయింది. మళ్ళీ పలకమన్నారు; మళ్ళీ కలిసిపోయింది. తొమ్మిదిమంది చెవులొగ్గి విన్నా అది పొట్టిదో పొడుగుదో తేలలేదు.

“ఏమి నాయనా ఇది,” అని ఆమె కొంగుకు చేయి తుడుచుకుని, తడిగుడ్డ తెచ్చి స్టూలెక్కింది. “ఆ మరక తుడిస్తే ఏముండాదో కనబడతాది గదా!”

కోర్టు హాలంతా లేచి నిలబడింది. సాక్ష్యాన్ని చెరిపివేసే ప్రయత్నం తొలిసారి గనుక ఆమెను హెచ్చరించి వదిలేశారు. మరకను ముట్టరాదని బోర్డు కింద ఇంకొక బోర్డు పెట్టారు. (దానిమీది ‘మరక’లో అక్షరదోషాలు లేవు.)

ఆ రోజు విచారణ ముగిశాక కావేరి భీమశంకరాన్ని మెట్లదగ్గర ఆపింది.

“అన్నయ్యా, నాకు తీర్పు వద్దు. కూర కావాలి.”

“తొందరపడకు కావేరీ. ఇది నీ ఒక్కదాని కూర కాదు. రేపు రాబోయే బ్యాచీలన్నింటి కూర.”

“వాళ్ళకెవరికీ కామెర్లు లేవు కదండీ.”

“అది నీ ఉద్దేశం. న్యాయం దూరదృష్టితో చూస్తుంది.”

దగ్గరవాళ్ళు కనబడకపోవడం దూరదృష్టి లక్షణమని నేత్ర వైద్యులు కూడా చెబుతారు.

ఈలోగా ప్రజాభిప్రాయం రంగప్రవేశం చేసింది. దాన్ని తీసుకువచ్చినవాడు సాయిప్రకాష్, ఆప్షనల్ సోషియాలజీ. కోర్టులు ప్రజాభిప్రాయానికి లొంగకూడదనీ, అయితే అది ఏమిటో తెలిస్తేనే కదా లొంగకుండా ఉండగలరనీ అతడు సెలవిచ్చి, చేయి కడుక్కునే పంపు దగ్గర సర్వే మొదలుపెట్టాడు. మొదటి సర్వే ప్రశ్న: ‘ఎంతో కాలంగా మనం తింటున్న గింజల కూరను ఒక్కరి కోసం మాన్పించడం మీకు సమ్మతమేనా?’ నూటికి ఎనభైమంది కాదన్నారు. మరునాటి ప్రశ్న: ‘జబ్బు నుంచి లేచిన ఒక ఆడపిల్లకు చవకైన సొరకాయ కూడా నిరాకరించడం మీకు సమ్మతమేనా?’ నూటికి ఎనభైమంది కాదన్నారు. రెండుసార్లూ కాదన్నది వారే. సర్వే ప్రకారం ప్రజలు దృఢమైన అభిప్రాయం కలిగి ఉన్నారని, అది ప్రశ్నలో ఉందని సాయిప్రకాష్ ప్రకటించాడు. లోపానికి అవకాశం ఎంత అని అడిగితే, సబ్బు అయిపోయిన రోజున ఎక్కువన్నాడు.

తీర్పు రావలసిన వారంలో ఘోరం జరిగింది. న్యాయమూర్తుల్లో ఒకరికి నిరుటి పరీక్షలో ఉద్యోగం ఖరారై, ట్రైనింగుకు ముస్సోరీ వెళ్ళిపోయారు. సంతాపంగా మిఠాయి పంచారు. మిగిలిన ఎనిమిదిమంది నలుగురూ నలుగురుగా చీలారు. ఖాళీ భర్తీ చేయాలంటే అధ్యక్షుడు పేరు సూచించాలి, సెనేటు ఆమోదించాలి. మెస్సుకు అధ్యక్షుడు లేడు. ఎన్నికలు ప్రకటించారు.

గింజల పక్షాన మల్లేశం నిలబడ్డాడు. సొర పక్షం ఆయా బల్లలమీద ప్రాథమిక ఎన్నికలు జరుపుకుని, అందులోనే మూడుగా చీలి, చివరకు ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేని ఒక అభ్యర్థిని నిలబెట్టింది. (ఎవరికీ పెద్దగా ఇష్టం కూడా లేదని తరువాత తెలిసింది.) బల్లల సరిహద్దులు ప్రజాస్వామికంగా తిరిగి గీశారు. దాని ఫలితంగా కోస్తా బల్ల కిటికీ దగ్గర మొదలై, రెండు స్తంభాలు చుట్టి, నీళ్ళకుండ పక్కనున్న ఒక్క తెనాలి అబ్బాయిని వదిలేసి, తలుపు వెనక ముగిసింది.

కావేరి కోస్తా బల్లనుంచి జరిగి ఎటూ కాని స్థలంలో పడింది. అక్కడ ఓటు లేదు, ఫ్యాను మాత్రం ఉంది.

అమెరికా పద్ధతిలో ఎక్కువమంది ఓటేసినవాడు గెలవాలన్న మొరటు నియమం లేదు. బల్లల ఓట్లు లెక్కపెడతారు. కోస్తా ఒకవైపు, తెలంగాణా సీమా కలిసి మరొకవైపు వెళ్ళేసరికి సరిసమానమయ్యాయి. ఢిల్లీ బల్లకు ఇద్దరు సెనేటర్లు, ఒక ప్రతినిధి చొప్పున మూడు ఓట్లున్నాయి. మూడూ చైతువి. ఆ వారమంతా చైతుకు రోజూ రెండేసి ఆమ్లెట్లు వచ్చాయి. ఏ పక్షం పంపినదో తెలియకుండా రెండు పక్షాలూ పంపాయి.

“చైతూ, నువ్వు ఎటు?” అని అడిగాడు సాయిప్రకాష్, పెన్ను తీసి.

“భయ్యా, పహ్‌లే యే బతావో, కౌన్‌సీ సబ్జీ హై? వో లంబీ వాలీ యా దానే వాలీ?”

“పొడుగు కాయో గింజలో తేల్చడానికే కదా ఎన్నిక!”

“అచ్ఛా. తో జిస్‌మే ఆలూ హో, ఉస్కో.”

రెండు కూరల్లోనూ బంగాళదుంప లేదు. మల్లేశం ఆ సాయంత్రమే, తాను గెలిస్తే గింజల్లో బంగాళదుంప వేయిస్తానని హామీ ఇచ్చాడు. ఎక్కువమంది ఓట్లు సొర పక్షానికి పడ్డాయి. మల్లేశం గెలిచాడు.

“గిదీ ప్రజాస్వామ్యమంటె,” అన్నాడతడు మెడలో దండతో. దండ చామంతిది, సొర పక్షం తమకోసం తెప్పించుకున్నది.

కృతజ్ఞత తెలిసినవాడు గనుక ఖాళీగా ఉన్న న్యాయమూర్తి పదవికి అతడు చైతు పేరే సూచించాడు. సెనేటు బహిరంగ విచారణ జరిపింది. ఎప్పుడైనా ఆనపకాయ తిన్నారా అని అడిగితే చైతు, “యే మామ్‌లా ఆగే మేరే సామ్నే ఆ సక్తా హై,” అని, అంటే రేపు ఈ వ్యవహారం తన ముందుకే రావచ్చని, వినయంగా జవాబు నిరాకరించాడు. కూరలంటే మీ అభిప్రాయమేమిటంటే అదే జవాబు. మీ పేరేమిటంటే కాసేపు ఆలోచించాడు. ఢిల్లీ బల్ల సెనేటరు వంతు వచ్చినప్పుడు చైతు ఈ కుర్చీలోంచి లేచి ఆ కుర్చీలో కూర్చుని ఒక కఠినమైన ప్రశ్న అడిగి, తిరిగి వచ్చి జవాబు ఎగవేశాడు. జవాబుతో తాను తృప్తి చెందలేదని సెనేటరుగా వ్యాఖ్యానించి, అయినా ఆమోదించాడు.

ఇన్ని వారాలూ కావేరి పెరుగన్నం తింటూ, సాయంత్రాలు గోడకు ఆనుకుని చదువుతూ, చదువు మధ్యలో ఆపి కళ్ళు మూసుకుంటూ ఉంది. ఒక గురువారం కంచం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. హనుమాయమ్మ గ్లాసుతో మజ్జిగ పట్టించి, భీమశంకరం వైపు తిరిగింది.

“ఏమప్పా జడ్జీ, ఈ బిడ్డకు ఇంత సొరకాయ ముక్క ఉడకేసి పెట్టనీవా?”

“ఆంటీ, నాకు మాత్రం బాధగా లేదా? రిజర్వులో ఉన్న తీర్పు. నేను ఏం మాట్లాడినా పొరపాటవుతుంది.”

“అయితే మాట్లాడొద్దులే నాయనా. నువ్వు అటు తిరిగి కూర్చో.”

భీమశంకరం అటు తిరగలేదు. న్యాయదేవత కళ్ళకు గంతలుంటాయి గాని, మెడ తిప్పినట్టు ఎక్కడా లేదు.

ఆ మరునాడు కావేరి పుస్తకాల సంచీతో పక్కనే ఉన్న మునిర్కాకు మారిపోయింది. అక్కడ ఆమె స్నేహితురాలి గది కింద ఒక దీదీ ఇంటి భోజనం పెడుతుంది. గోడమీద మెనూ లేదు, బల్లలు రెండే, అవీ రాష్ట్రాలు కావు.

“క్యా ఖావోగీ బేటా?” ఏం తింటావని అడిగిందట దీదీ.

“లౌకీ.”

“ఠీక్ హై.”

విచారణ మొత్తం ఇంతే జరిగింది. మధ్యాహ్నానికి సొరకాయ కూర వచ్చింది. (మునిర్కాలో రాజ్యాంగ పరిజ్ఞానం ఎంత వెనకబడి ఉందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.)

హనుమాయమ్మ కూడా రెండు రోజుల తరువాత చైతు చేతికి ఒక చిన్న పొట్లం ఇచ్చి మునిర్కా పంపింది. అందులో వేయించిన జీలకర్ర పొడి ఉంది. “ఆ దీదీ సొరకాయలో మసాలా వేస్తాదేమో. మసాలా మానేసి ఇది చల్లమని చెప్పు,” అంది. పొట్లం మీద కోర్టుకు అధికార పరిధి ఉందా అన్న ప్రశ్న వచ్చింది గాని, కొత్త న్యాయమూర్తే దాన్ని మోసుకుపోతుండడంతో ఎవరూ పట్టుబట్టలేదు.

తీర్పు మెయిన్స్ ముగిసిన వారానికి వెలువడింది. కావేరి ఆ పరీక్షలు అన్నీ రాసింది. ఒక్క పూట కూడా కళ్ళు తిరగలేదు. తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఎన్నడూ లేనిది ఏకగ్రీవంగా, వాది ప్రస్తుతం ఈ మెస్సులో తినడం లేదు గనుక వివాదం సజీవంగా లేదనీ, సజీవంగా లేని వివాదంపై అభిప్రాయం చెప్పడం న్యాయస్థానాల పని కాదనీ కేసు కొట్టివేశారు. చైతు మాత్రం ఏకీభవిస్తూనే వేరే కారణాలు రాశాడు. కూరలో ఆలూ ఇంకా పడలేదన్నది అందులో ప్రధానం. స్టే ఎత్తివేయడం ఎవరికీ గుర్తు రాలేదు. బోర్డుకు అద్దం బిగించి, మరకను భావితరాల కోసం భద్రపరిచారు. ఆ మంగళవారం గింజల కూర.

తీర్పుపై ప్రజాభిప్రాయం తెలుసుకోవడానికి సాయిప్రకాష్ చివరి సర్వే జరిపాడు. ‘వ్యవస్థ సక్రమంగా పనిచేసిందా?’ అన్న ప్రశ్నకు మెస్సులో తినేవారిలో నూటికి తొంభైమంది అవునన్నారు. ఫలితం సమగ్రంగా ఉండాలని అతడు మునిర్కా దాకా నడిచి వెళ్ళాడు. దీదీ బల్లమీద కావేరి భోంచేస్తూ కనబడింది. “రా అన్నయ్యా, తిందువుగాని,” అంది. అతడు కూర్చుని, సొరకాయ కూరతో రెండుసార్లు అన్నం కలుపుకుని తిని, ప్రశ్న అడగకుండానే తిరిగి వచ్చాడు. కారణం నివేదికలో ఉంది: ఈ వ్యవహారంలో ఆమెకు స్వప్రయోజనం ఉన్నందున, ఆమె అభిప్రాయం కలిపితే ప్రజాభిప్రాయం చెడిపోతుందట.